ధ్రువయాత్రకు బయలుదేరే ఓడ పాత ఫొటో: గుర్తుపట్టి, ఫ్రేము కట్టి, గోడకెక్కించడం ఎలా

ఫ్రేము కింద చిన్న ఇత్తడి రేకు, దాని మీద ‘టెర్రా నోవా దక్షిణ ధ్రువానికి బయలుదేరుట, 1910’ అనే అర్థం వచ్చే నాలుగు మాటలు. టెర్రా నోవా అంటే బ్రిటిష్ అన్వేషకుడు రాబర్ట్ స్కాట్ అంటార్కిటికా యాత్రకు వెళ్లిన ఓడ. ఇలాంటి ఫొటో చేతికి రాగానే ఎవరైనా ముందు అద్దం తుడుస్తారు, తర్వాత గోడకి మేకు కొడతారు. ఆ రెండూ కాసేపు ఆపండి. రేకు మీదున్న మాట నిజమో కాదో ఫొటోనే చెబుతుంది, చూసే పద్ధతి తెలిస్తే చాలు. పాత ఫొటోల్ని ఎండ కంటే ఎక్కువగా పాడుచేసేది వాటికి కట్టిన ఫ్రేమే. అందుకే పని ఫ్రేము విప్పడంతో మొదలవుతుంది.

విప్పడం

బల్ల మీద ఉతికిన నూలు దుప్పటి పరిచి ఫ్రేమును బోర్లా పెట్టండి. ఏదీ పీకకముందే వెనక భాగాన్ని ఫోన్‌తో ఫొటో తీసుకోండి: కొట్టు లేబుల్, పెన్సిల్ రాత, వేలం నంబరు, ఏదున్నా సరే. ఈ ఫొటో ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పేవి అవే. లేబుల్ చుట్టూ రెండు సెంటీమీటర్లు వదిలి, ఆ కాగితం ముక్కను బ్లేడుతో కోసి విడిగా దాచండి.

చిన్న మేకుల్ని పట్టకారుతో పట్టుకుని, నెమ్మదిగా అటూ ఇటూ ఊపి లాగండి. స్క్రూడ్రైవర్ దూర్చి ఎగదన్నితే అది జారి అట్టలోంచి ఫొటోలోకి దిగుతుంది. వెనక అట్ట తీశాక ఫొటో దానంతటది విడివడితే సగం గండం గడిచినట్టే. విడివడకపోతే ఫ్రేమును తిప్పి, అద్దంలోంచి ఏటవాలుగా చూడండి. కొన్నిచోట్ల తడిసినట్టు నల్లగా, నిగనిగలాడుతూ మచ్చలుంటే అక్కడ ఫొటో అద్దానికి అతుక్కుంది. ఫొటో పైపొర జెలటిన్. వానాకాలపు తేమకి మెత్తబడి అద్దాన్ని పట్టుకుంటుంది, ఎండాకాలం రాగానే గట్టిపడి వదలదు. లాగితే బొమ్మ అద్దం మీద ఉండిపోతుంది, కాగితం మీ చేతికొస్తుంది. హెయిర్ డ్రయ్యరు, నీళ్లు, ఫ్రిజ్ చిట్కాలు వద్దు. అద్దంతో సహా అలాగే మంచి కాపీ ఫొటో తీసి, ఇన్‌టాక్ (వారసత్వ సంపదను కాపాడే జాతీయ సంస్థ) లాంటి సంస్థల పరిరక్షణ ప్రయోగశాలలో అడగండి. ఈ ఒక్క పనికి ఇంట్లో చేసుకునే వైద్యం లేదు.

కాగితం ఏ రకమో తేల్చడం

పది రెట్లు పెద్దది చేసే భూతద్దం, 365 నానోమీటర్ల అతినీలలోహిత టార్చి ఉంటే సరిపోతుంది. ఓడ పక్కనున్న ఆకాశం మీద భూతద్దం పెట్టండి. వరుసగా చుక్కలు కనిపిస్తే అది పత్రికలోంచో పుస్తకంలోంచో కత్తిరించిన అచ్చు. రంగురంగుల తుంపర్లు కనిపిస్తే ఇంక్‌జెట్ ప్రింటరు పని. చుక్కలేమీ లేకుండా, నలుపు నుంచి తెలుపు దాకా నునుపుగా పోతూ, అంచుల్లో నల్లటి భాగాల మీద నీలిమెరుపు వెండిపూతలా తేలితే అది జెలటిన్ సిల్వర్ ప్రింటు, పైగా వయసున్నది. ఆ వెండిపూత మురికి కాదు. లోపలి వెండి పైకి తేలి అలా మారింది. తుడిచారంటే దానితో పాటు బొమ్మ కూడా పోతుంది.

గది చీకటి చేసి టార్చి వెయ్యండి. కాగితం నీలం కలిసిన తెలుపుతో వెలిగితే అందులో తెల్లదనం పెంచే రసాయనం కలిపారన్నమాట. ఫొటో కాగితాల్లో దాన్ని కలపడం 1950ల నుంచే మామూలైంది. కాబట్టి వెలిగే కాగితం 1910 నాటిది కాదు. వెలగనంత మాత్రాన పాతదని కూడా కాదు, ఆ తర్వాతి కాగితాలన్నిట్లోనూ అది ఉండదు.

ఇంకో రెండు రకాలు కూడా తెలిసి ఉండాలి. పక్కనుంచి దీపం వేసినప్పుడు నల్లటి భాగాలు కాస్త ఉబ్బెత్తుగా కనిపిస్తే కార్బన్ ప్రింటు కావచ్చు. టెర్రా నోవా యాత్ర ఫొటోగ్రాఫర్ హెర్బర్ట్ పాంటింగ్ 1913 డిసెంబరులో లండన్ ఫైన్ ఆర్ట్ సొసైటీలో ప్రదర్శించినవి ఆ రకమే. ఇవి దాదాపు వెలిసిపోవు. ఇక పల్చటి కాగితం, అట్టకి అంటించి ఉండటం, తెల్లగా ఉండాల్సిన చోట పసుపు, భూతద్దంలో కాగితపు నార స్పష్టంగా కనిపించడం ఆల్బుమెన్ లక్షణాలు. గుడ్డు తెల్లసొనతో చేసే ఈ కాగితం 19వ శతాబ్దానిది. జార్జ్ నేర్స్ నాయకత్వంలో అలర్ట్, డిస్కవరీ ఓడలు 1875 మే 29న పోర్ట్స్‌మత్ నుంచి ఉత్తర ధ్రువం వైపు బయలుదేరిన నాటి ఫొటోలకు అది సరిపోతుంది. స్కాట్ 1901లో తీసుకెళ్లిన డిస్కవరీ వేరే ఓడ. అమ్మేవాళ్లు ఈ రెంటినీ తరచూ కలిపేస్తారు.

ఫొటో పోస్టుకార్డు అయితే వెనక్కి తిప్పండి. చిరునామాకీ ఉత్తరానికీ మధ్య గీత ఉంటే, బ్రిటన్ కార్డుల్లో అది 1902లో వచ్చిన పద్ధతి. బొమ్మ 1901 నాటిదైనా ఆ కార్డు మాత్రం తర్వాత వేసినదే.

ఏ ఓడ, ఏ రేవు, ఏ రోజు

అసలు ఆసక్తి అంతా ఇక్కడే ఉంది. ముందు తెరచాప కొయ్యలు లెక్కపెట్టండి, తర్వాత వాటికి అడ్డకొయ్యలున్నాయో లేదో చూడండి. టెర్రా నోవా 1884లో డండీలో కట్టిన ఓడ. మూడు కొయ్యలు, ముందు రెంటికీ అడ్డకొయ్యలు, వెనకదానికి లేవు. పొగగొట్టం నడిమి కొయ్యకి వెనక ఉంటుంది. మరో బ్రిటిష్ అన్వేషకుడు షాకల్టన్ ఓడ ఎండ్యూరన్స్‌కీ మూడు కొయ్యలే గానీ అడ్డకొయ్యలు ఒక్క ముందుకొయ్యకే. నార్వే అన్వేషకుడు అముండ్సెన్ 1910లో తీసుకెళ్లిన ఫ్రామ్ ఓడకి ఆవిరి యంత్రం తీసేసి డీజిల్ యంత్రం పెట్టారు. అందుకని బొద్దుగా గుండ్రటి ఓడ మీద పెద్ద పొగగొట్టం పొగ కక్కుతూ కనిపించి, కింద ‘ఫ్రామ్, 1910’ అని ఉంటే అనుమానించండి. 1893లో మరో నార్వే అన్వేషకుడు నాన్సెన్ అందులో బయలుదేరినప్పుడు దానికి ఆవిరి యంత్రమే.

తెరచాపలన్నీ విప్పుకుని ఠీవిగా పోతున్న ఓడ ఫొటోకి ‘బయలుదేరుట’ అని పేరుంటే అదీ అనుమానించాల్సిందే. రేవులోంచి ఓడ బయటికొచ్చేది టగ్గు లాగుతుంటేనో, తన యంత్రం మీదో. అప్పటికి చాపలు చుట్టే ఉంటాయి. నిజమైన బయలుదేరే ఫొటోలో గట్టు మీద టోపీల జనం, చుట్టూ చిన్న పడవలు, కొయ్యల మధ్య కట్టిన జెండాల వరస కనిపిస్తాయి. ఓడ అందం కాస్త తక్కువగానే ఉంటుంది. షాకల్టన్ మరో ఓడ నిమ్రాడ్ 1908 జనవరి 1న న్యూజీలాండ్‌లోని లిటిల్టన్ నుంచి బయలుదేరినప్పుడు బొగ్గు ఆదా కోసం కూన్యా అనే స్టీమరు దాన్ని అంటార్కిటిక్ వలయం దాకా లాక్కెళ్లింది. ఆ ఫొటోల్లో ముందు పోతున్న స్టీమరు కోసం, మధ్యలో తాడు కోసం వెతకండి.

టెర్రా నోవా అంటే ఒక్క బయలుదేరడం కాదు. 1903లో డిస్కవరీని ఆదుకోవడానికి వెళ్లింది. స్కాట్ యాత్ర కోసం 1910 జూన్ 1న లండన్ వదిలింది, జూన్ 15న కార్డిఫ్ వదిలింది. నవంబరు 26న న్యూజీలాండ్‌లోని లిటిల్టన్ నుంచి, 29న పోర్ట్ చామర్స్ నుంచి కదిలింది. మళ్లీ 1911 డిసెంబరు 15న, 1912 డిసెంబరులోనూ లిటిల్టన్ నుంచే వెళ్లింది. వీటిని విడదీయడానికి డెక్కు మీద సామాను చూడాలి.

1910 నవంబరులో డెక్కు మీద కాలు పెట్టే చోటు లేదు. 19 గుర్రాలు, 33 కుక్కలు, బస్తాల్లో 30 టన్నుల బొగ్గు, డ్రమ్ముల్లో రెండున్నర టన్నుల పెట్రోలు. మూడు మోటారు స్లెడ్జిల పెట్టెలు ఒక్కోటి 16 అడుగుల పొడవు, 5 అడుగుల వెడల్పు. గుర్రాల్లో ఎక్కువ భాగం ఓడ ముందుభాగంలో పైకప్పు కింద ఉండేవి కాబట్టి ఫొటోలో కనబడకపోవచ్చు. గొలుసులతో కట్టిన కుక్కలు, ఆ పెద్ద పెట్టెలు మాత్రం దాగవు. ఇవేమీ లేకుండా డెక్కు ఖాళీగా ఉంటే కార్డిఫ్ వైపు ఆలోచించండి.

భూతద్దంలో చెవులు మరీ పొడుగ్గా ఉన్న జంతువులు కనిపిస్తే అవి గుర్రాలు కావు, కంచరగాడిదలు. రెండో ఏడాది కోసం భారత ప్రభుత్వం ఇచ్చిన 7 కంచరగాడిదల్ని 1911 డిసెంబరు ప్రయాణంలో తీసుకెళ్లారు. వాటి పేర్లు గులాబ్, బేగం, లాల్ ఖాన్ లాంటివి. మన దేశం నుంచి అంటార్కిటికా చేరిన తొలి బృందాల్లో వీటినీ లెక్కేయాలి! రేకు మీద 1910 అని ఉన్నా సరే, చెవుల మాటే నమ్మండి.

ఫొటోగ్రాఫర్ పేరునీ ఇలాగే పరీక్షించండి. పాంటింగ్ ఓడ ఎక్కింది న్యూజీలాండ్‌లో, కాబట్టి కార్డిఫ్ ఫొటో కింద ఆయన పేరుంటే తప్పు. ఎండ్యూరన్స్ 1914 ఆగస్టు 8న, బ్రిటన్ యుద్ధంలోకి దిగిన నాలుగు రోజులకి, ప్లిమత్ వదిలింది. ఆ యాత్ర ఫొటోగ్రాఫర్ ఫ్రాంక్ హర్లీ దాన్ని కలిసింది బ్యూనస్ ఏర్స్‌లో. ఈ హర్లీ ఫొటోలతో ఇంకో చిక్కుంది. ఎండ్యూరన్స్ మునిగాక అందులోని వాళ్లు ఎలిఫెంట్ దీవిలో చిక్కుకున్నారు. 1916 ఏప్రిల్ 24న అక్కణ్ణుంచి జేమ్స్ కెయిర్డ్ పడవ సాయం కోసం వెళ్లేటప్పుడు తీసిన ఫొటోను మార్పులు చేసి, ఆగస్టులో జరిగిన రక్షణ దృశ్యంగా చూపించారు. ‘బయలుదేరుట’ కాస్తా ‘రక్షించుట’ అయిపోయింది. అందుకే హర్లీ సముద్ర దృశ్యాల్లో మేఘాలకీ నీళ్లకీ వెలుతురు ఒకే వైపు నుంచి పడుతోందో లేదో చూడాలి.

అనుమానం మిగిలితే కేంబ్రిడ్జ్‌లోని స్కాట్ పోలార్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్, వెల్లింగ్టన్‌లోని అలెగ్జాండర్ టర్న్‌బుల్ లైబ్రరీ, సిడ్నీలోని స్టేట్ లైబ్రరీ ఆఫ్ న్యూ సౌత్ వేల్స్, నార్వే జాతీయ గ్రంథాలయం ఆన్‌లైన్ సేకరణల్లో వెతకండి. అదే బొమ్మ దొరికితే అంచులు పోల్చండి. మీ ప్రింటులో చుట్టూ ఎక్కువ దృశ్యం ఉంటే మంచి లక్షణం, ఎందుకంటే కాపీ తీసిన ప్రతిసారీ అంచులు తరుగుతాయి.

గోడకి అసలుదా, కాపీదా

పాత ప్రింటు అని తేలితే మా సలహా ఒక్కటే: దాన్ని పెట్టెలో దాచి, గోడకి కాపీ కట్టండి. మన ఇళ్లలో వెలుతురు ఎక్కువ, తేమ ఎక్కువ. కాపీకి అంగుళానికి 300 పిక్సెళ్ల (పీపీఐ) లెక్కన 24 × 19 సెం.మీ. ప్రింటుకి సుమారు 2,835 × 2,244 పిక్సెళ్ల ఫైలు చాలు. అసలుదే కనబడాలనుకుంటే ఏడాదిలో మూడు నాలుగు నెలలే పెట్టి, మిగతా కాలం విశ్రాంతినివ్వండి. కింది పద్ధతి అసలు ప్రింటుకి. కాపీకి ఇంత జాగ్రత్త అక్కర్లేదు.

మౌంటు

మౌంటు అంటే ఫొటో కనబడేలా మధ్యలో కిటికీ కోసి దాని మీద పెట్టే అట్ట. షాపులో మామూలుగా వేసే రంగు మౌంటు పెడితే లోపలి అంచు కొన్నేళ్లకి గోధుమరంగుకి తిరుగుతుంది. ఆ ఆమ్లమే ఫొటోకీ పాకుతుంది. నూరు శాతం పత్తితో చేసిన నాలుగు పొరల బోర్డు అడగండి, మందం సుమారు 1.5 మి.మీ. ఫొటోకి హాని చేయదని తేల్చే ఐఎస్‌ఓ 18916 పరీక్షలో నెగ్గిందని రాసి ఉన్నది తీసుకోండి. ‘యాసిడ్ ఫ్రీ’ అన్న ముక్క ఒక్కటే చాలదు.

లెక్క ఇలా వేసుకోండి. ప్రింటు 24 × 19 సెం.మీ. అయితే ప్రతి అంచునీ 3 మి.మీ. కప్పేలా కిటికీ 23.4 × 18.4. పైనా పక్కలా 6.5, కింద 7.5 వదిలితే మౌంటు మొత్తం 36.4 × 32.4 సెం.మీ. కింద ఒక సెంటీమీటరు ఎక్కువ ఎందుకంటే, సమానంగా వదిలితే బొమ్మ కిందికి జారినట్టు కంటికి అనిపిస్తుంది. షాపువాళ్లు అంగుళాల్లో అడుగుతారు. అంకె చెప్పకుండా కోసిన మౌంటునే పట్టుకెళ్లండి. బీడింగ్ (ఫ్రేము కర్ర పట్టీ) లోపలి గాడి ప్రతి వైపూ ఒకటి రెండు మి.మీ. వదులుగా ఉండాలి. బిగుతుగా ఉంటే వానాకాలంలో బోర్డు ఉబ్బి మధ్యలో వంగుతుంది.

ప్రింటును జిగురుతో అంటించకండి. ఫెవికాల్, సెల్లోటేప్, రెండువైపులా అంటుకునే టేపు, అన్నీ నిషేధమే. పోస్టర్లకి వాడే ఉడికించిన మైదా మరీ ప్రమాదం, బొద్దింకలకీ సిల్వర్‌ఫిష్‌కీ అది విందు. వాడాల్సింది మడతపెట్టిన కాగితపు పట్టీలు. మౌంటు బోర్డు లాగే పరీక్షలో నెగ్గిన కాగితాన్ని పొడవుగా కోసి, 3 మి.మీ. పెదవి వచ్చేలా మడిచి, ప్రింటు కింది అంచునీ రెండు పక్కల్నీ ఆ పెదవిలో కూర్చోబెట్టండి. పట్టీని వెనక బోర్డుకి అంటించండి, ప్రింటుకి కాదు. పక్కల్లో ఒక మి.మీ. ఖాళీ ఉండాలి, కాగితం తేమకి సాగుతుంది కదా. పట్టీలు మౌంటు కిందే దాగిపోతాయి. పాత ఫొటో అప్పటికే అట్టకి అంటించి ఉంటే ఆ అట్టను ఊడదీయకండి. దాని నాలుగు మూలలకీ కాగితపు కార్నర్లు తొడిగితే చాలు.

వివరాలు వెనక బోర్డు మీద మెత్తటి పెన్సిల్‌తో రాయండి: ఓడ, రేవు, తేదీ, ఏ ఆధారంతో తేల్చారో. ఫొటో వెనక పెన్నుతో రాస్తే సిరా ఏదో ఒకరోజు ముందుకి దిగుతుంది.

అద్దం, కట్టుబడి

అద్దానికీ ఫొటోకీ మధ్య గాలి ఉండాలి. మౌంటు మందమే ఆ ఖాళీ ఇస్తుంది. మౌంటు లేకుండా కట్టాలంటే అద్దాన్ని ఫొటోకి ఎడంగా ఉంచే 3 నుంచి 5 మి.మీ. స్పేసరు పట్టీ పెట్టించండి. అద్దం బదులు అతినీలలోహిత కిరణాల్ని ఆపే 3 మి.మీ. యాక్రిలిక్ (పారదర్శక ప్లాస్టిక్ పలక) మేలు: తేలిక, పగిలి ఫొటోని కొయ్యదు. అయితే దానికి స్థిరవిద్యుత్తు ఎక్కువ, పైపొర రేకులు లేస్తున్న ఫొటోకి మాత్రం గాజే వాడాలి. యాక్రిలిక్‌ను అమ్మోనియా ఉన్న ద్రవంతో తుడిస్తే మసకబారుతుంది. దేన్నైనా గుడ్డ మీద చల్లుకుని తుడవండి, ఫ్రేము మీద చల్లితే అంచు నుంచి లోపలికి దిగుతుంది.

యాక్రిలిక్ 3, మౌంటు 1.5, వెనక బోర్డు 1.5, దాని వెనక ముడతల ప్లాస్టిక్ షీటు 4, మొత్తం 10 మి.మీ. కాబట్టి గాడి లోతు 14 మి.మీ. తక్కువ కాకుండా బీడింగ్ తీసుకోండి. వెనక హార్డ్‌బోర్డు, ప్లైవుడ్ వద్దు. ఆమ్లం సంగతి అటుంచి, చెదలకి అవి తలుపు తెరిచినట్టే.

కట్టే రోజు ముఖ్యం. విశాఖలోనో కాకినాడలోనో జులైలో కడితే ఆ తేమనంతా ఫ్రేములో పెట్టి మూత వేసినట్టు అవుతుంది. ఏసీ గదిలో బోర్డులన్నీ ఒకటి రెండు రోజులు విడివిడిగా పరిచి ఉంచి, తేమ 50 శాతం లోపు ఉన్నప్పుడు అక్కడే కట్టండి. చిన్న తేమ మీటరు ఉంటే ఊహించాల్సిన పని లేదు. యాక్రిలిక్ నుంచి వెనక షీటు దాకా అన్నీ ఒక దొంతిగా పేర్చి, అంచుల చుట్టూ అల్యూమినియం పొరున్న టేపు వేసి, ఆ తర్వాతే బీడింగ్‌లో దించండి. దొంతి మూసుకున్నాక బయట ఒక్కరోజు తేమ పెరిగినా లోపలికి వెంటనే చేరదు.

గోడ

బయటి వానగోడ, స్నానాలగది గోడ, వంటింటి పక్క గోడ వదిలేయండి. ధూపం, దీపం మసి తగిలే చోటా వద్దు. సంక్రాంతికి కొత్త రంగు వేసిన గదిలో నాలుగు వారాలు ఆగండి. కొన్ని రంగుల నుంచి వచ్చే ఆవిర్లు వెండి మీద పనిచేసి నారింజ రంగు చుక్కలు తెస్తాయి.

రెండు కొక్కేలకి తగిలించండి, ఒక్క మేకు మీద ఫ్రేము ఎప్పుడూ పక్కకి ఒరుగుతుంది. కింది రెండు మూలల వెనక సుమారు 8 మి.మీ. కార్క్ లేదా రబ్బరు ముక్కలు అంటించండి. పాత ఇళ్లలో ఫొటోలు ముందుకి వంగి వేలాడేవి, ఆ వంపు వల్లే వెనక గాలి ఆడేది. ఫ్రేము మధ్యభాగం నేల నుంచి 145 నుంచి 150 సెం.మీ. ఎత్తులో ఉంటే ఓడ డెక్కు సరిగ్గా కంటికి ఎదురొస్తుంది. వెలుతురు 100 లక్స్ (వెలుతురు కొలమానం) దాటకూడదు, ఆల్బుమెన్ అయితే 50. ఫోన్‌లో లక్స్ యాప్ కొలత కచ్చితం కాకపోయినా, కిటికీ పక్క గోడకీ లోపలి గోడకీ తేడా ఎంతో మాత్రం తెలుస్తుంది.

వానాకాలం ముందొకసారి, తర్వాతొకసారి ఫ్రేము దించి వెనక చూడండి. మట్టిగీత కనిపిస్తే చెదలు. బీడింగ్ కింద సన్నటి పొడి రాలితే కర్రపురుగు. ఫ్రేమును వెంటనే ఇంట్లోని మిగతా ఫొటోలకి దూరంగా పెట్టండి. పురుగుమందు మాత్రం ఫ్రేము మీద చల్లొద్దు. అద్దం లోపల మంచులా పట్టినట్టు కనిపిస్తే ఎండలో పెట్టకండి. వేడికి బోర్డులోని తేమ బయటికొచ్చి అద్దం మీద ఇంకా ఎక్కువగా చేరుతుంది. ఏసీ గదిలో పడుకోబెట్టి, వెనక టేపు కోసి, దొంతిని విప్పి రెండు రోజులు ఆరనివ్వండి. ప్రింటు అంచులు పైకి లేచినా ఇస్త్రీపెట్టె జోలికి పోకండి. రెండు శుభ్రమైన బ్లాటింగ్ కాగితాల మధ్య పెట్టి, పైన అద్దం పలక, దాని మీద కొద్ది బరువు ఉంచి వారం వదిలేస్తే చాలావరకు సర్దుకుంటుంది.